అచ్చులోంచి లేచిన అంబాసిడర్

మా ఇంట్లో ఇప్పుడు రెండు ఓవెన్లు ఉన్నాయి. ఒకటి కేకులకి, రెండోది కార్లకి!

నవ్వకండి. కార్లకి ఓవెన్ ఏమిటని మా ఆవిడ కూడా మొదట అలాగే నవ్వింది. తన ఓటీజీలో మావాడు తెల్లటి ప్లాస్టిక్ షీటు పెట్టి, తలుపు అద్దంలోంచి తొంగి చూస్తూ ఉండగా పట్టుకున్నాక మాత్రం నవ్వలేదు. ‘‘ఇహ అందులో కేకు చేస్తే ఎవరు తింటారండీ? కొత్తది కొనండి’’ అని తీర్పు చెప్పేసింది. తీర్పులో తప్పేమీ లేదు. ప్లాస్టిక్ వేడిచేసిన ఓవెన్‌ని మళ్లీ వంటకు వాడకూడదు. అలా మాకు రెండో ఓవెన్ వచ్చింది.

కథ మొదటికి వస్తాను. మావాడు తొమ్మిదో తరగతి. పోయిన వేసవి సెలవుల్లో వాడి రిమోట్ కారు మేడమెట్ల మీద నుంచి పడింది. మోటారు బాగానే ఉంది, చక్రాలు తిరుగుతున్నాయి. పైనున్న బాడీ మాత్రం నాలుగు ముక్కలైంది. ‘‘పోనీలేరా, కొత్తది కొందాం’’ అన్నాను. మన తరం తండ్రులకు నోట్లోంచి మొదట వచ్చే మాట అదే కదా! ‘‘బాడీ ఒక్కటే చేసుకుంటా నాన్నా. ప్లాస్టిక్ షీటుని వేడిచేసి అచ్చు మీదకి లాగితే చాలు’’ అన్నాడు. ‘‘ఏ కారు బాడీ పెడతావు?’’ అంటే, ఏముంది, ఫెరారీ అన్నాడు.

అప్పుడు వరండాలోంచి ఓ గొంతు వినిపించింది.

‘‘అంబాసిడర్ పెట్టకూడదుట్రా?’’

ఆ గొంతు మా నాన్నది. ఆయనకిప్పుడు డెబ్బై ఆరేళ్లు. బెజవాడలో ముప్ఫై ఏళ్లకు పైగా టాక్సీ నడిపారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంటి ముందున్నది తెల్ల అంబాసిడర్. పెళ్లిళ్లకీ, తిరుపతికీ, అర్ధరాత్రి పురిటి నొప్పులకీ... పేటలో ఎవరికి ఏ అవసరమొచ్చినా తలుపు తట్టేది మా ఇంటిదే. 2009లో దాన్ని తుక్కు కింద అమ్మేశాం. అమ్మేద్దామని పట్టుబట్టింది నేనే. ఇంటిముందు తుప్పు పట్టిన కారు ఉంటే నామోషీ అనిపించే వయసు నాది. నాన్న ఏమీ అనలేదు. కాగితాల మీద సంతకం పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆయనకు కళ్లు పోయాయి. నీటికాసులు. డాక్టర్లు గ్లకోమా అంటారు. నొప్పి లేకుండా, చప్పుడు చేయకుండా చూపును పక్కల నుంచి తినుకుంటూ వస్తుందది. మేం కనిపెట్టేసరికే ఆలస్యమైంది. పోయిన చూపు మళ్లీ రాదన్నారు. ఇప్పుడు ఆయనకు వెలుతురూ చీకటీ మాత్రమే తెలుస్తాయి. (నలభై దాటిన వాళ్లు ఓసారి కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకోండి. ఎలాగూ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను.) చూపుతోపాటు మాటా తగ్గిపోయింది. వరండాలో కుర్చీ, పక్కన రేడియో. ‘అన్నం తింటారా?’ అంటే ‘ఊ’. ‘కాఫీ?’ అంటే ‘ఊ’. అలాంటి మనిషి తనంతట తాను ఓ పూర్తి వాక్యం మాట్లాడారంటే... ఫెరారీ ఓడిపోయింది. ఇంట్లో అందరం అంబాసిడర్‌కి ఓటేశాం.

ఇంతకీ ఈ పద్ధతి ఏమిటంటారా? దీన్ని వ్యాక్యూమ్ ఫార్మింగ్ అంటారు. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మీకు పాతదే. ఫ్రిజ్ తలుపు తెరవండి, లోపల అతుకులు లేకుండా కనిపించే తెల్లటి గోడ అలా చేసిందే. స్వీట్ల డబ్బాలో గుంటలు గుంటలుగా ఉండే ట్రే కూడా అలా చేసిందే. ప్లాస్టిక్ షీటుని మెత్తబడేదాకా వేడిచేస్తారు. అచ్చు మీద పరుస్తారు. కిందనుంచి గాలి లాగేస్తారు. షీటు అచ్చుకు చర్మంలా అతుక్కుపోతుంది. చల్లారాక తీస్తే అచ్చు ఆకారం దానికి వచ్చేస్తుంది. అమెరికాలో 1960ల్లోనే మాటెల్ కంపెనీ దీన్ని పిల్లల ఆటవస్తువుగా చేసి అమ్మింది. వేడి పళ్లెం, చేత్తో కొట్టే చిన్న పంపు, అంతే సరంజామా. రిమోట్ కార్ల పందేలాడేవాళ్లు వాడే తేలికైన బాడీలూ ఇలా పుట్టినవే. అవి పారదర్శకంగా ఉండే పాలీకార్బొనేట్‌తో చేస్తారు. రంగు లోపలివైపు వేస్తారు, అందుకే ఎన్ని పల్టీలు కొట్టినా పైన గీతలు పడతాయేగానీ రంగు ఊడదు.

నిజానికి ఇక్కడ పని చేసేది మన యంత్రం కాదు, మన నెత్తిమీది గాలి. ప్రతి చదరపు సెంటీమీటరు మీదా గాలి సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతూ ఉంటుంది. అన్నివైపుల నుంచీ ఒకేలా నొక్కుతుంది కాబట్టి మనకు తెలియదు. ఒకవైపు గాలి తీసేస్తే రెండోవైపు గాలి తన బలం చూపిస్తుంది. 17వ శతాబ్దంలో ఒట్టో ఫాన్ గెరిక్ అనే జర్మన్ ఆయన రెండు రాగి గిన్నెల్ని మూతిమూతీ కలిపి, లోపలి గాలి తోడేసి, చెరోవైపు గుర్రాలు కట్టి లాగించినా అవి విడిపోలేదు. మా షీటు ఫ్రేములోపల సుమారు 500 చదరపు సెంటీమీటర్లు. కిందనున్న గాలంతా తీసేయగలిగితే పైనుంచి 500 కిలోల బరువు పడుతుంది. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ అంత లాగలేదు. మంచిదైతే ఐదో వంతు లాగుతుంది. అయినా వంద కిలోలు! పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు ఎత్తి మెత్తటి షీటు మీద వేసినట్టు. బొమ్మకారుకి అది చాలు.

ఇక లెక్క. మావాడి రిమోట్ కారు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం పది సెంటీమీటర్ల పైచిలుకు. అసలు అంబాసిడర్‌కి ఆ దూరం 2,464 మిల్లీమీటర్లు. 24తో భాగిస్తే 103. సరిగ్గా సరిపోయింది! ఒకటికి ఇరవై నాలుగు అనేది మోడల్ కార్లవాళ్లకు అలవాటైన కొలతే. అసలు కారులో ఒక అడుగంటే బొమ్మలో అరంగుళం. ఆ లెక్కన 4,325 మిల్లీమీటర్ల పొడవు 18 సెంటీమీటర్లకి, 1,662 వెడల్పు ఏడు సెంటీమీటర్లకి దిగాయి. చక్రాలు తీసేస్తే బాడీ ఎత్తు ఆరు.

అచ్చుకు చెక్క కావాలి. కంప్యూటర్లో బొమ్మ గీసి త్రీడీ ప్రింటర్‌తో అచ్చు తీయించవచ్చని మావాడన్నాడు. తీయించవచ్చు, ఇప్పుడు చాలామంది అలాగే చేస్తున్నారు. కానీ బెజవాడ పక్కనే కొండపల్లి పెట్టుకుని ప్రింటర్ దగ్గరకి వెళ్లడమేమిటి? తాతామనవళ్లిద్దరినీ తీసుకుని వెళ్లాను. అక్కడ బొమ్మలు చేసే ఒకాయన తెల్లపొణికి చెక్క దుంగ ఒకటి ఇచ్చారు. చేత్తో పట్టుకుంటే బెండులా తేలిక. ఉలి పెడితే వెన్నలా తెగుతుంది. ‘‘దీన్ని సెగ మీద ఆరబెట్టాం బాబూ. తడి ఉంటే బొమ్మ పగులుద్ది’’ అన్నారాయన. ఆ ముక్క మాకు తర్వాత బాగా పనికొచ్చింది. చెక్కలో తడి ఉంటే వేడి షీటు తగలగానే ఆవిరై బుడగలు లేపుతుంది. చెక్కుడు తప్పిన చోట పూడ్చడానికి చింతపిక్కల పిండీ, రంపపు పొట్టూ కలిపిన మక్కు కూడా ఓ పొట్లం కట్టిచ్చారు. కొండపల్లి బొమ్మల కాళ్లూ చేతులూ అతికేది దాంతోనే.

నేనూ మావాడూ వారం రోజులు చెక్కాం. ఆటోనగర్‌లో ఓ షెడ్డులో నిలబడి ఉన్న పాత అంబాసిడర్‌కి టేపు పెట్టి కొలతలు తెచ్చాం. ఫొటోలు తీశాం. ఉలి, ఆకురాయి, ఉప్పుకాగితం... చివరికి చూస్తే అచ్చం అంబాసిడరే అనిపించింది. గొప్పగా తీసుకెళ్లి నాన్న చేతుల్లో పెట్టాం.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. పది వేళ్లూ దానిమీద నడిచాయి. ముందు కప్పు, తర్వాత డిక్కీ, తర్వాత ముక్కు.

‘‘ఇది తడిసిన కుక్కపిల్లలా ముక్కు వాల్చుకుందేంట్రా? అంబాసిడర్ ఇలా ఉండదు. స్టీరింగ్ దగ్గర కూర్చుంటే బానెట్ మధ్యలో ఉబ్బు తిన్నగా రోడ్డు మీదకి కనపడాలి. హెడ్‌లైట్ పైన చిన్న చూరు ఉండాలి, వానలో నుంచున్న మనిషి కళ్లమీద చెయ్యి పెట్టుకున్నట్టు. అదేదీ?’’

మళ్లీ చూస్తే నిజమే! మేం కళ్లతో చూసి అంతా సరిపోయిందనుకున్నాం. కన్ను పోనీలే అనుకుంటుంది. వేలు ఒప్పుకోదు. ముక్కు మీద మక్కు పెట్టి ఎత్తు చేశాం. ఆరాక అరగదీశాం. మళ్లీ ఆయన చేతికిచ్చాం. ‘‘కుడి మడ్‌గార్డ్ లావైంది’’ అన్నారు. అదీ సరిచేశాం. అలా పదకొండుసార్లు. పొద్దున కాఫీ అవగానే ‘‘కారేదిరా?’’ అని ఆయనే అడగడం మొదలెట్టారు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. హెడ్‌లైట్ పైన చూరు ఉండాలన్నారు బాగానే ఉంది. కానీ వ్యాక్యూమ్ ఫార్మింగ్‌లో చూరుకి చోటు లేదు. అచ్చు కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండాలి. ఇడ్లీ పళ్లెంలోంచి ఇడ్లీ ఎందుకు తేలిగ్గా వస్తుంది? గుంట అంచులు వాలుగా ఉంటాయి కాబట్టి. పక్కగోడలు కనీసం మూడు నుంచి ఐదు డిగ్రీలు లోపలికి వాలాలి. ఎక్కడైనా లోపలికి నొక్కుకుపోయి పైన చూరులా ముందుకొస్తే ప్లాస్టిక్ దాని కిందకి చొచ్చుకుపోయి చెక్కని కౌగిలించుకుంటుంది. ఇక ఊడిరాదు. అందుకని హెడ్‌లైట్లు, బంపర్లు, ముందు జాలీ విడిగా చేసి తర్వాత అతికించాలని నిర్ణయించాం. ఇక కిటికీల కింద నుంచి అంబాసిడర్ పొట్ట బయటికి వచ్చి, మళ్లీ కిందకి పోయేకొద్దీ లోపలికి తిరుగుతుంది. దానికేం చేయాలి? అచ్చుని నిలువునా మూడు ముక్కలు కోశాం. షీటు పట్టాక మధ్య ముక్కని కిందనుంచి లాగేస్తే రెండు పక్క ముక్కలూ లోపలికి జరిగి చక్కగా ఊడొస్తాయి. ఈ ఉపాయం మావాడు చదివి చెప్పింది. ప్లాస్టిక్ మందం కూడా కలుస్తుంది కదా, అందుకని అచ్చుని అన్నివైపులా ఒక మిల్లీమీటరు తక్కువగానే ఉంచాం. కింద ఓ చిన్న చెక్క పీట వేసి ఎత్తు పెంచాం. కత్తిరించే గీత కారుకి తగలకుండా ఉండాలంటే అది అవసరం.

తర్వాత పెట్టె. ప్లైవుడ్‌తో మిఠాయి డబ్బాలాంటి పెట్టె కొట్టి, పైపలకకి సెంటీమీటరుకొకటి చొప్పున చిల్లులు పెట్టాం. పక్కన పెద్ద రంధ్రం. అందులో వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం దూరుస్తాం. అంచుల చుట్టూ తలుపు సందులకి అంటించే నురగ టేపు. షీటు పట్టుకోవడానికి రెండు అల్యూమినియం ఫ్రేములు, చుట్టూ కాగితాలకి పెట్టే నల్ల క్లిప్పులు. షీటు సంగతికొస్తే, అది హై ఇంపాక్ట్ పాలీస్టైరీన్. దుకాణంలో ‘హిప్స్ షీట్’ అంటే ఇస్తారు. మేం తెచ్చింది ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, తెలుపు. పీవీసీ షీటు మాత్రం పొరపాటున కూడా ఓవెన్‌లో పెట్టకండి. ఎక్కువ వేడైతే ఆమ్లపు పొగ వస్తుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఏ షీటైనా కిటికీలు తెరిచి, చేతులకు మందపాటి గ్లౌజులు వేసుకుని, పెద్దవాళ్లు దగ్గరుండి చేయాల్సిన పని ఇది.

మొదటి షీటు. ఓవెన్‌లో పెట్టాం. మా ఆవిడ అప్పటికే వంటింటి హక్కులు వదులుకుని ప్రేక్షకురాలిగా కూర్చుంది. నేను తొందరపడ్డాను. షీటు కాస్త మెత్తబడగానే తీసి అచ్చు మీద పెట్టేశాను. వ్యాక్యూమ్ క్లీనర్ కుయ్యిమంది. కారు మీద దుప్పటి కప్పినట్టు వచ్చింది. ఎక్కడా ఓ మూల లేదు, గీత లేదు.

రెండోది. ‘ఈసారి బాగా కాలనిద్దాం’ అన్నాను. మరీ కాలింది. మధ్యలో సంచిలా జారి, అచ్చు మీద పెట్టేలోపే చిల్లు పడింది. మావాడు నన్ను చూసిన చూపు... వాళ్లమ్మ నన్ను చూసే చూపే.

మూడోది. వేడి సరిపోయిందిగానీ అచ్చుని ఫ్రేము మధ్యలో పెట్టడం మరిచాం. ఒకవైపు అంచుకి మరీ దగ్గరైంది. ఆ మూల ప్లాస్టిక్ సాగడానికి చోటు చాలక మడత పడి, బాతు కాలివేళ్ల మధ్య ఉంటుందే, అలాంటి పొర లేచింది. అచ్చు ఎంత ఎత్తుంటే, ఫ్రేముకీ అచ్చుకీ మధ్య ఇంచుమించు అంత ఖాళీ ఉండాలట. మూడు షీట్లు పోతేగానీ ఆ ముక్క తలకెక్కలేదు.

నాలుగోసారి నాన్న వంటింట్లోకి వచ్చి కుర్చీ వేయించుకున్నారు. ‘‘లోపల ఏం జరుగుతోందో చెప్పరా’’ అన్నారు మనవడితో.

‘‘షీటు అలలు అలలుగా లేస్తోంది తాతయ్యా, నిప్పుల మీద అప్పడంలా.’’

‘‘ఆగు.’’

‘‘మళ్లీ బిగిసింది. డప్పులా తిన్నగా ఉంది.’’

‘‘ఆగు. ఇంజన్ వేడెక్కందే గేరు వేయకూడదు.’’

‘‘ఇప్పుడు మధ్యలో కిందకి దిగుతోంది... ఓ అంగుళం...’’

‘‘తియ్!’’

ఆయనకు వ్యాక్యూమ్ ఫార్మింగ్ ఏం తెలుసు? తెలియదు. కానీ వేడికి ఓ పద్ధతి ఉంటుందని ముప్ఫై ఏళ్ల ఇంజన్ నేర్పింది. హిప్స్ షీటు వంద డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలెట్టినా, అచ్చు పట్టాలంటే నూట యాభై దాకా రావాలి. ఓవెన్ మీది అంకెల్ని నమ్ముకునేకంటే షీటుని చూడడమే మేలు. ముందు అలలు, తర్వాత బిగువు, ఆ తర్వాత అంగుళం జారుడు. అదే ముహూర్తం. ఫ్రేముని తీసి అచ్చు మీదకి దించడానికి మీకున్నది రెండు మూడు సెకన్లే. బోర్లించిన బాణలి మీద రుమాలీ రొట్టె పరిచినట్టు ఒక్క ఊపులో దించాలి. వ్యాక్యూమ్ ముందే ఆన్ చేసి ఉంచాలి.

దించాం. ‘టప్’మని చిన్న చప్పుడు. తెల్లటి షీటులోంచి అంబాసిడర్ లేచింది! కప్పు, డిక్కీ, ఉబ్బిన మడ్‌గార్డులు, బానెట్ మధ్య ఉబ్బు. నిజం చెప్పొద్దూ, ఒళ్లు జలదరించింది. చల్లారాక అచ్చు ముక్కలు లాగి, పదునైన కత్తితో కింది అంచు కోసి, నాన్న చేతికిచ్చాం. గుడ్డు పెంకులా తేలిక. ముందుగా తగిలిన కప్పు మందంగానే ఉంది. కిందకి సాగిన పక్కలు మాత్రం పలచబడ్డాయి. ఈ పద్ధతి స్వభావమే అంత.

ఆయన వేళ్లు మళ్లీ నడిచాయి. ముందు నుంచి వెనక్కి. ఎడమవైపు వెనక మడ్‌గార్డ్ దగ్గర ఆగాయి.

‘‘ఇక్కడ సొట్ట పెట్టమని చెప్పానే. ఏదిరా?’’ అన్నారు మనవడితో.

నేను అదిరిపడ్డాను. వాళ్లిద్దరి మధ్యా ఈ మాట ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. ‘‘పెట్టాను తాతయ్యా, చెక్క మీద ఉంది. ప్లాస్టిక్ మీదకి రాలేదు’’ అని వాడు అచ్చు చూపించాడు. నిజంగానే చెక్క మీద పెసరగింజంత గుంట ఉంది. అసలు కారు మీద అరచేయంత ఉండేది. 24తో భాగిస్తే పెసరగింజంతే కదా.

ఆ సొట్ట చేసింది నేను.

ఇంటర్ రెండో ఏడాది. మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుంటే తాళం తీసుకుని, కారు వెనక్కి నడపబోయి వేపచెట్టుకు గుద్దాను. తాళం యథాస్థానంలో పెట్టేసి, పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. సాయంత్రం నాన్న చూసి, ‘‘ఎవడో తాకించి పోయాడు’’ అన్నారు అమ్మతో. నేను తలెత్తలేదు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ సొట్ట తీయించనూ లేదు. డబ్బుల్లేకేమో అనుకున్నాను. ముప్ఫై ఏళ్లయింది. ఆయనకు తెలియదనే అనుకుంటూ బతికాను.

‘‘సొట్ట ఎందుకు రాలేదు?’’ అని అడిగాను. అడగడానికి నాకు దొరికిన మాట అదొక్కటే.

మావాడు మేష్టారిలా చెప్పాడు. ‘‘గుంట కదా నాన్నా. షీటు ముందు గుంట అంచుల మీద పరుచుకుంటుంది. లోపలున్న గాలికి బయటికి దారి లేదు. అది అడ్డుపడి షీటుని లోపలికి దిగనివ్వదు. గుంట అడుగున సూదంత చిల్లు పెట్టాలి. కిటికీల మూలల్లో, బానెట్ గాడిలో పెట్టాను. దీనికే మరిచిపోయాను.’’

అర మిల్లీమీటరు డ్రిల్లు బిట్టు తెచ్చి చెక్క కిందదాకా చిల్లు పెట్టాడు. ఆ బెజ్జం గీత కంటికి కూడా ఆనదు. ఐదో షీటు పెట్టాం. అలలు, బిగువు, జారుడు. ‘‘తియ్’’ అన్నారు నాన్న. ఈసారి సొట్ట వచ్చింది. మెత్తగా, చిన్నగా, సరిగ్గా ఉండాల్సిన చోట.

ఆయన దాని మీద బొటనవేలు పెట్టి చాలాసేపు అలాగే ఉంచారు. ‘‘వేపచెట్టు బెరడు రెండు రోజులు కారుకి అంటుకునే ఉందిరా’’ అన్నారు. ఎవరితో అన్నారో చెప్పలేదు. నేను పక్కన కూర్చున్నాను. ‘‘నాన్నా, అప్పుడే చెప్పాల్సింది’’ అన్నాను. ‘‘నేనూ అడగాల్సింది’’ అన్నారు. అంతే. ఎక్కువ మాట్లాడుకునే అలవాటు మా ఇంట్లో లేదు. కానీ కారు అమ్మిన రోజు గురించి, తర్వాత ఆటోనగర్ వైపు వెళ్లడం మానేయడం గురించి ఆ సాయంత్రం ఆయన తనంతట తానే చెప్పారు. నేను విన్నాను. ఏనాడో వినాల్సింది.

అంబాసిడర్ కూడా ఓ అచ్చు కథే. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ 1957లో బెంగాల్లోని ఉత్తరపారాలో మొదలుపెట్టింది. అక్కడివాళ్లు ఆ నమూనాని వదిలేసి కొత్తవాటికి వెళ్లిపోయారు. మనం మాత్రం ఇంజన్లు మార్చాం, జాలీలు మార్చాం, ఆ బొద్దు ఆకారాన్ని 2014లో ఉత్పత్తి ఆపేదాకా ఇంచుమించు అలాగే ఉంచుకున్నాం. మంత్రులూ దాంట్లోనే, పెళ్లికొడుకులూ దాంట్లోనే. తెల్ల షీటు కొనడం వల్ల మాకు రంగు వేసే పనీ తప్పింది. అదే అచ్చు మీద పారదర్శకంగా ఉండే పలచటి పెట్‌జీ షీటు లాగి, అందులోంచి అద్దాలు కత్తిరించి లోపల అతికించాం. తలుపుల గీతలు షీటు మందంలో మెత్తబడిపోతాయి కాబట్టి సూది మొనతో మళ్లీ గీశాం. చేతి పిడులకి, బంపర్లకి చాక్లెట్ రేకు.

ఇప్పుడది మా హాల్లో తిరుగుతోంది. సోఫా కిందకి దూరి, భోజనాల బల్ల చుట్టూ తిరిగి వరండాలోకి వెళ్తుంది. నాన్న చప్పుడు విని కాళ్లు పైకి పెట్టుకుంటారు. ‘‘ఇంజన్ చప్పుడు మాత్రం అంబాసిడర్‌ది కాదురా. కుట్టుమిషన్‌ది’’ అని వెక్కిరిస్తారు. రేడియో ఆపేసి మరీ వెక్కిరిస్తారు.

మీరూ ఇంట్లో ప్రయత్నించాలనుకుంటే కారే చెక్కక్కర్లేదు. సబ్బు పెట్టె, చిన్న పడవ, ముఖానికి మాస్కు... వాలు గోడలున్న దేనితోనైనా మొదలుపెట్టవచ్చు. వ్యాక్యూమ్ క్లీనర్‌ని మాత్రం కొన్ని సెకన్లకు మించి అలా బిగపట్టి ఉంచకండి, మోటారు వేడెక్కుతుంది. ఎక్కువ సమయం అచ్చు మీదే పెట్టండి. షీటు పని అర నిమిషం. అచ్చు పని నెల రోజులు. పలచటి ప్లాస్టిక్ కదా అని తేలిగ్గా తీసుకుంటే, అచ్చులో మీరు పోనీలే అనుకున్న ప్రతి గీతనీ అది పైకి చూపిస్తుంది. గాలికి దారి ఇవ్వని చోట మాత్రం ఏదీ చూపించదు.

మొన్న మావాడి స్నేహితుడొకడు తనకీ ఓ అంబాసిడర్ కావాలన్నాడట. అచ్చు పట్టుకుని తాత దగ్గరకి వెళ్లాడు మావాడు. ‘‘వాడిది కొత్త కారు కదా తాతయ్యా, ఈ సొట్ట మక్కుతో పూడ్చేయనా?’’ అని అడిగాడు.

నాన్న చెయ్యి చాచి అచ్చు తీసుకున్నారు. వెనక మడ్‌గార్డ్ తడిమారు.

‘‘ఉండనీరా. అది మీ నాన్న చేతిపని’’ అన్నారు.